పదకొండిళ్ళ అడుగు రంగు

ఆ ఎండాకాలం మా వీధిలో మనుషులు ఎదురుపడితే "బాగున్నారా" అని అడగడం మానేశారు. "మీదెంత పలికింది?" అని అడిగేవారు. ఇల్లు అమ్మే ఉద్దేశం ఉన్నవాళ్ళూ అదే అడిగారు, లేనివాళ్ళూ అదే అడిగారు. కూరగాయల బండి దగ్గరా అదే మాట, బడి గేటు దగ్గరా అదే మాట. చివరికి తాడూ బొంగరం లేని మాలాంటి అద్దెవాళ్ళం కూడా, పక్కింటిది అంతకు పోయిందట, ఎదురింటిది ఇంతకు పోతుందట అని, ఏదో మన సొమ్మే పెరిగినట్టు సంబరంగా చెప్పుకునేవాళ్ళం.

మేం ఒక పాత రెండంతస్తుల ఇంట్లో కింది వాటాలో ఉండేవాళ్ళం. పదిహేడేళ్ళు ఉన్నాం. ఇంటాయన ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపి, ఆ జీతంతో కట్టుకున్న ఇల్లు. వీధంతా ఆయన్ని డ్రైవర్ బాబాయ్ అనేది, వాళ్ళావిడని పిన్ని అనేది. వాళ్ళు పైన, మేం కింద. ముందు గదిలో మిషన్ వేసుకుని నేను కర్టెన్లు కుట్టేదాన్ని. మా ఆయన ఇళ్ళకి రంగులేస్తాడు. గోడల సంగతి ఆయన చూసుకుంటే కిటికీల సంగతి నేను చూసుకునేదాన్ని. మా అమ్మాయి రెండు వీధుల అవతల బళ్ళో చదువుతోంది, వచ్చేది చివరి ఏడాది.

ఆ ఎండల్లో మా ఆయనకి చేతినిండా పని. ఫోటోకి ముందు తల దువ్వుకున్నట్టు, అమ్మే ముందు ప్రతివాళ్ళూ ఇంటి ముందుగోడకి రంగేయించుకునేవారు. రంగుల పనిలో ఒక ఆనవాయితీ ఉంది. డబ్బా అడుగున మిగిలిన రంగు పనివాడిదే. ఇంటివాళ్ళు అడగరు, పనివాడు చెప్పడు. మా ఆయన ఆ అడుగు రంగులన్నీ తెచ్చి మెట్ల కింద పెట్టేవాడు. మూతల మీద ఇంటి నంబరు రాయడు, బొమ్మ వేస్తాడు. కుక్క ఉన్న ఇంటిదైతే కుక్క. పళ్ళ డాక్టరుదైతే పన్ను. ఎప్పుడూ పోట్లాడుకునే అన్నదమ్ములదైతే రెండు తలకాయలు, ఒకటి అటు తిరిగి, ఒకటి ఇటు తిరిగి. వేసవి సగానికి వచ్చేసరికి పదకొండు డబ్బాలయ్యాయి.

"వీధిలో అందరి ఎంగిలీ మనింట్లోనే ఉంది" అన్నాను ఒకరోజు.

"ఎంగిలి కాదు, శాంపిల్" అన్నాడు మా ఆయన. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. రంగుల గురించి మాత్రం ఒక్క మాట పడడు.

ఇళ్ళు అమ్మిపెట్టే అతను ఒకడు ఆ రోజుల్లో మా వీధిలోనే కాలికి బలపం కట్టుకుని తిరిగేవాడు. నడుముకి తాళాల గుత్తి వేలాడేది. మలుపు తిరగకముందే గలగల వినిపించేది. తాళాలాయన అనేవాళ్ళం. ఆయన మొదటిసారి మా గేటు దగ్గర ఆగిన రోజు నేను మిషన్ మీద ఉన్నాను. బాబాయ్ బయట కుర్చీలో ఉన్నాడు.

"బాబాయ్, ఉన్నమాట చెప్తా, కోప్పడకూడదు" అన్నాడు తాళాలాయన. "దీన్ని ఇల్లుగా ఎవరూ కొనరు. గోడలు పెచ్చులూడాయి. మెట్ల దగ్గర చెమ్మ. స్థలం ధరే వస్తుంది. అందులోంచి కూడా పడగొట్టే ఖర్చు తీసేస్తారు."

"నా ఇల్లు పడగొట్టడానికి ఖర్చు నా దగ్గరే తీసుకుంటారా? బాగుందయ్యా వరస!"

"లోకం అలా ఉంది బాబాయ్."

"లోకాన్ని అలాగే ఉండమను. నువ్వు మాత్రం వెళ్తూ వెళ్తూ గేటెయ్యి."

నేను మిషన్ ఆపి మరీ నవ్వాను. నవ్వు అంత నిండుగా ఎందుకు వచ్చిందంటే, నాకు భయమేసింది కాబట్టి. బాబాయ్ ఉన్నన్నాళ్ళూ మేమూ ఉంటాం అన్నది మా రెండు కుటుంబాల మధ్యా కాగితం మీద లేని మాట. ఆ మాట మీదే పదిహేడేళ్ళు గడిచాయి.

కాసేపటికి పిన్ని కిందికి దిగింది. ఒక మెట్టు, ఒక ఆయాసం, గోడ పట్టుకుని ఇంకో మెట్టు. వచ్చి నా ఎదురుగా గుడ్డల మూట మీద కూలబడింది.

"అతనన్నదాంట్లో అబద్ధం ఏముందే అమ్మాయ్? వీధంతా తోమిన గిన్నెల్లా మెరుస్తోంది. మనది మాడిన మూకుడులా ఉంది. బయట నిలబడి చూస్తే నాకే సిగ్గేస్తోంది. ఈమధ్య మీ బాబాయ్ కూడా, ఎంతోకొంతకి ఇచ్చేసి పోదామా అంటున్నాడు. అంతలోనే మళ్ళీ నా ఇల్లు, నా ఇల్లు అంటాడు."

మాట్లాడుతున్నంతసేపూ పిన్ని రెండు చేతులతో మోకాళ్ళు రుద్దుకుంటూనే ఉంది. ఆ చేతుల్ని నేను చూశాను. చూసి కూడా గోడల గురించే ఆలోచించాను. రంగులవాడి పెళ్ళాన్ని కదా, గోడ కనిపించినంతగా మోకాలు కనిపించలేదు.

ఆ సాయంత్రం మా ఆయన చేతులు కడుక్కుంటుంటే వెనకాల నిలబడి చెప్పాను. "ఏమండీ, ఈ ఇంటికి మనమే రంగేద్దాం."

"అద్దెకున్న ఇంటికి ఎవరైనా సొంతంగా రంగేస్తారా?"

"వాళ్ళకి ఇల్లు పాతదైపోయిందని బెంగ. కొత్తగా కనిపిస్తే మళ్ళీ ప్రేమ పుడుతుంది. అమ్మే ఆలోచనే రాదు. మెట్ల కింద పదకొండు డబ్బాలు పెట్టుకుని ఎదురుగా పెచ్చులూడుతున్న గోడని చూస్తూ కూర్చోవడం మీకు బాగుందా?"

ఆయన చేతులు తుడుచుకుంటూ వెళ్ళి ముందుగోడ ఎదురుగా నిలబడ్డాడు. నేను తగలాల్సిన చోటే తగిలించాను. పెచ్చులూడిన గోడ ఆయనకి చెప్పులో రాయి.

"పెచ్చులు గీకి లప్పంతో పూడ్చాలి. ముందు చెమ్మ సంగతి చూడాలి. ఊరికే పైపైన పూస్తే నిలవదు" అన్నాడు చివరికి. అంటే ఒప్పుకున్నట్టే.

మూడు వారాలు పట్టింది. తెల్లారుతూనే పనికి వెళ్ళేముందు ఒక గంట, ఆదివారాలు పూర్తిగా. ఆయన గోడ గీకుతుంటే ఆ దుమ్ము నా కర్టెన్ల మీద పడకుండా నేను తలుపులు బిగించుకుని ఉడికిపోయేదాన్ని. మా అమ్మాయి సెలవుల్లో ఉంది, గరుకు కాగితం పట్టుకుని మెట్ల రెయిలింగు రుద్దింది. వద్దు వద్దంటూనే బాబాయ్ నిచ్చెన పట్టుకున్నాడు. "ఎడమకి తిప్పు, ఎడమకి" అని కింద నుంచి బస్సు నడిపినట్టే చెప్పేవాడు. మా ఆయన నిమ్మకు నీరెత్తినట్టు తన పని తాను చేసుకునేవాడు.

ముందుగోడ రంగు కలిపిన రోజు మాత్రం అందరం చుట్టూ నిలబడ్డాం. పదకొండు డబ్బాలూ వరసగా మూతలు తెరిచాడు. కుక్క ఇంటి మీగడ రంగు, డాక్టరు గారి తెలుపు, అన్నదమ్ముల పసుపు, మూల ఇంటి లేత ఇటుక రంగు, ఇంకా ఏవేవో. పెద్ద తొట్లో ఒక్కొక్కటే వంచుతూ కర్రతో తిప్పాడు. మొదట బురదలా అయింది. నేను నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపాడు. పన్ను బొమ్మ డబ్బా మొత్తం వంపేశాడు. అప్పుడు తేరుకుంది. పసుపూ కాదు, తెలుపూ కాదు. పొద్దున్న ఎండ గోడ మీద పడ్డప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది, నీడలో కూడా.

నేను ఊరుకోలేదు. ముందు గదికీ, పై గదులకీ కొత్త కర్టెన్లు కుట్టాను. ముందు గదిలో రెండు కిటికీలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ ఎడమది రెండు వేళ్ళు వెడల్పు. మేస్త్రీ చేసిన తప్పది. నేను ఆ ఇంటికొచ్చిన ఏడాది అది తెలియక, కుట్టిన కర్టెన్ చాలక, విప్పి మళ్ళీ కుట్టాను. ఆ తర్వాత ఎప్పుడూ కొలత తప్పలేదు.

పని పూర్తయిన ఆదివారం బాబాయ్ రోడ్డు దాటి ఎదుటి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. "ఏమయ్యా, ఇది మనిల్లేనా? ఇన్నేళ్ళు ఉన్నాను, ఇంత బాగుంటుందని నాకే తెలీదు" అన్నాడు. పిన్ని అరచెయ్యి గోడకి ఆనించి, ఆరిందో లేదో చూసినట్టు, అలాగే ఉంచింది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను మనసులో, హమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే తాళాలాయన ఒక జంటని వెంటపెట్టుకుని వీధి చివరి ఇల్లు చూపించడానికి వెళ్తున్నాడు. ఆ జంటలో అమ్మాయి మా గేటు ముందు ఆగిపోయింది.

"ఎంత బాగుందండీ ఈ గోడ! ఏం రంగిది?"

ఎవరైనా మెచ్చుకుంటే మనిషికి కళ్ళు మూసుకుపోతాయి. "రండమ్మా, లోపల కూడా చూద్దురుగాని. ఎండలో వచ్చారు, మంచినీళ్ళు తాగి వెళ్ళండి" అని గేటు నేనే తీశాను. కర్టెన్లు చూపించాను. ఎడమ కిటికీ రెండు వేళ్ళ కథ కూడా చెప్పాను, వాళ్ళిద్దరూ పగలబడి నవ్వారు. వంటగదిలోకి గాలి ఎటునుంచి వస్తుందో, వానాకాలంలో వాన ఎంత గట్టిగా కొట్టినా ఈ ఇల్లు చుక్క కూడా కారదని, అన్నీ నేనే చెప్పాను. తాళాలాయన గుమ్మంలోనే నిలబడ్డాడు. ఎప్పుడూ గలగలలాడే మనిషి, ఆ కాసేపూ తాళాల గుత్తిని చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాడు.

పది రోజులు పోయాక బాబాయ్ కిందికి వచ్చాడు. పిన్ని కూర్చునే మూట మీద కూర్చున్నాడు. పక్కనున్న ముక్కగుడ్డ తీసి మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు. మా ఆయన కిటికీ దగ్గర బ్రష్షులు కడుగుతున్నాడు.

"లిఫ్టున్న ఇల్లొకటి చూశాం" అన్నాడు బాబాయ్.

మిషన్ ఆగింది. నేను ఆపినట్టు గుర్తు లేదు.

"స్థలం ధరకైతే అది మాకు అందేది కాదు. ఆ రోజు నువ్వు మంచినీళ్ళిచ్చిన జంట ఉన్నారే, వాళ్ళు కొంటారట, పడగొట్టరట. ఇంట్లో ఉంటారట. ఇంటికి ఇంటి ధరే ఇస్తామన్నారు. మీ పిన్ని నాలుగు నెలలుగా వీధి మొహం చూడ్డానికి ఆలోచించుకుని దిగుతోంది. నేను..." అంటూ గుడ్డ మళ్ళీ విప్పాడు.

మా ఆయన బ్రష్షు నీళ్ళు దులిపి, వెంట్రుకలు వేళ్ళతో సరిచేసి, గోడకి ఆనించి పెట్టాడు.

"మంచిదే బాబాయ్. పిన్ని మోకాళ్ళకి లిఫ్టుండాలి" అన్నాడు. తర్వాత రెండో బ్రష్షు తీసుకున్నాడు.

బాబాయ్ లేచి వెళ్ళిపోయాక మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆయన కూడా మెల్లగానే ఎక్కుతున్నాడని నాకు ఆ రోజే తెలిసింది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆ ఇల్లు ముసలిదిగా ఉన్నన్నాళ్ళూ మాది. దాన్ని పడుచుదాన్ని చేసి మేమే పోగొట్టుకున్నాం. ఈ మాట ముందు అన్నది మా అమ్మాయి. "మన గొయ్యి మనమే తవ్వుకుని, పైన రంగు కూడా వేసుకున్నాం కదమ్మా" అంది. అని ఏడ్చింది. నేను తిట్టలేకపోయాను.

ఆ తర్వాత ఇళ్ళ వేట. ఇళ్ళ ధరలు పెరిగితే అద్దెలు చూస్తూ ఊరుకుంటాయా? రెండేళ్ళ క్రితమైతే మేం చూసి ముఖం చిట్లించుకునే గది కూడా ఇప్పుడు మా వైపు చూసి ముఖం చిట్లించింది. తాళాలాయనే తనకి తెలిసిన నాలుగు ఇళ్ళు చూపించాడు, మా దగ్గర రూపాయి తీసుకోలేదు. "నా మీద కోపంగా ఉందా అక్కా?" అని అడిగాడు ఒకచోట మెట్లు దిగుతూ. "గేటు తీసింది నేను, నీ మీద ఏం కోపం బాబూ" అన్నాను. అతనికీ అద్దె ఇల్లేనని, ఆ ఏడాదే అతనూ రెండుసార్లు మారాడని అప్పుడు చెప్పాడు. నడుముకి అన్ని తాళాలున్న మనిషికి సొంత తాళం లేదు.

చివరికి ఆఖరి బస్టాపు దగ్గర రెండు గదులు దొరికాయి. మా అమ్మాయి బడికి గంటంబావు. సామాన్లు సర్దుతున్న నాలుగు రోజులూ నాకు లోపల ఒకటే రంపపు కోత. మా ఆయన ఏదైనా అంటే బాగుండు, తిరిగి నాలుగనేసి తేలికపడదామని. ఆయన అనడే.

"అనండి. నీ మాట విని కొంప ముంచుకున్నానని అనండి. ఎన్నాళ్ళు దాచుకుంటారు?" అని చివరి రోజు నేనే కయ్యానికి దిగాను.

ఆయన అటక మీంచి చెయ్యి చాపాడు. "ఆ తాడు ఇలా అందించు. మిషన్ కట్టాలి. దారిలో కదిలితే సూది విరుగుతుంది" అన్నాడు.

తాడు అందించాను. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఇలాంటి మనిషితో పోట్లాడి గెలిచినవాళ్ళు లేరు.

వానలు గట్టిగా పట్టుకున్న ఒక వారంలో ఫోన్ వచ్చింది. మా ఇల్లు కొన్న ఆ అమ్మాయే. గొంతు తడబడుతోంది.

"ఆంటీ, మీకు ఇబ్బంది అనిపించకపోతేనే... మీరు ఆ రోజు చూపించిన కర్టెన్లు నాకు బాగా నచ్చాయి. మాకూ కుట్టి ఇస్తారా? కొలతలు మీకు తెలిసే ఉంటాయి కదా."

"లేదమ్మా, తెలీదు. వచ్చి కొలవాలి" అన్నాను.

ఫోన్ పెట్టేసరికి మా ఆయన నా వైపే చూస్తున్నాడు. "నిచ్చెన అవసరమవుతుందేమో, నేనూ వస్తా" అన్నాడు. పదిహేడేళ్ళు ఆ కిటికీలని నేను స్టూలెక్కి అందుకున్న సంగతి ఇద్దరికీ తెలుసు.

వెళ్ళాం. వీధిలో సగం ఇళ్ళు పడగొట్టి చుట్టూ తెరలు కట్టారు, లోపల కొత్తవి లేస్తున్నాయి. కుక్క ఇల్లు లేదు. అన్నదమ్ముల ఇల్లు లేదు. మా ఇల్లు ఉంది. వానకి తడిసి, కడిగిన ముఖంలా, ఉన్నచోటే ఉంది. లోపల నా మిషన్ ఉన్న చోట వాళ్ళు పుస్తకాల అలమర పెట్టుకున్నారు. బాగానే ఉంది. ఆ అమ్మాయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. గ్లాసు పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో నాకు తోచలేదు, నిలబడే తాగాను.

టేపు తీసి ముందు గది కుడి కిటికీ కొలిచాను. ఎడమది కొలిచాను. మళ్ళీ కుడిది కొలిచాను. చెక్క మీద ఎక్కడ గరుకు ఉంటుందో నా వేలికి తెలుసు, అక్కడే ఉంది. వంటగదికి వెళ్ళాను. పై గదులకి వెళ్ళాను. ఒక్కో కిటికీ రెండేసి సార్లు.

"ఎంత జాగ్రత్తగా కొలుస్తారండీ" అంది ఆ అమ్మాయి.

దిగి వచ్చేసరికి మా ఆయన బయట ముందుగోడ దగ్గర వంగి, వాన చినుకు చిందిన చోట గోరుతో గీకి చూస్తున్నాడు. ఆ అమ్మాయి వెనకాలే వచ్చింది.

"నిజం చెప్పాలంటే మేం ఈ గోడ చూసే కొన్నాం అంకుల్. షేడ్ కార్డులన్నీ వెతికాను, ఈ రంగు ఎక్కడా లేదు. దీని పేరేంటి?"

మా ఆయన నిటారుగా నిలబడ్డాడు. ఆయన ముఖం చూడలేక నేను చెప్పులు వెతుక్కున్నాను.

"దానికి పేరు లేదమ్మా" అన్నాడు. "పదకొండిళ్ళ అడుగు రంగు. అందులో సగం ఇళ్ళు ఇప్పుడు లేవు, మళ్ళీ కలపలేం. కాబట్టి మేకులు కొట్టకండి, జాగ్రత్తగా చూసుకోండి."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాం. అద్దం మీద వాన. చాలా స్టాపులు దాటాక అన్నాను. "నేను ఆ రోజు రంగేద్దామని అనకుండా ఉండాల్సింది."

ఆయన అద్దం మీది తడి చేత్తో తుడిచాడు. "చెమ్మ అస్సలు రాలేదు, చూశావా? మెట్ల దగ్గర కూడా" అన్నాడు. తర్వాత, "ఇన్నేళ్ళలో నేను వేసిన గోడల్లో అదే మంచిది. నువ్వు అనకపోతే వేసేవాణ్ణా?" అన్నాడు.

నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆయనే మళ్ళీ, "కొలతలు సరిగ్గా రాసుకున్నావా?" అన్నాడు.

సంచిలోంచి పుస్తకం తీశాను. పైన ఆ అమ్మాయి పేరూ, తేదీ ఉన్నాయి. కింద పేజీ అంతా ఖాళీ. అన్ని కిటికీలు రెండేసి సార్లు కొలిచి, ఒక్క అంకె కూడా వేసుకోలేదు.

"ఆఁ, రాసుకున్నాను లెండి" అని పుస్తకం మూసేశాను.

ఇంటికెళ్ళి గుడ్డ పరిచి కత్తిరించాను. ఎడమ కిటికీకి రెండు వేళ్ళు ఎక్కువ పెట్టాను. అన్నీ సరిగ్గా సరిపోయాయట, ఆ అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది.